ఇంటిపేరు వెనుక ఊరు

పింగళి అన్న ఇంటిపేరు వినగానే సాహిత్యమూ చరిత్రా కాస్త తెలిసిన తెలుగువాళ్ళకు కనీసం నలుగురు గుర్తుకొస్తారు. 16వ శతాబ్దంలో ‘కళాపూర్ణోదయం’, ‘రాఘవపాండవీయం’ రాసిన సూరన. 1921లో బెజవాడ కాంగ్రెస్ సమావేశాలప్పుడు గాంధీజీకి జెండా నమూనా తయారుచేసి ఇచ్చిన వెంకయ్య. కాటూరి వెంకటేశ్వరరావుతో జంటగా ‘సౌందరనందం’ రచించి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఎందరికో తెలుగు సాహిత్యం బోధించిన లక్ష్మీకాంతం. ‘పాతాళభైరవి’, ‘మాయాబజార్’ సినిమాలకు మాటలూ పాటలూ రాసిన నాగేంద్రరావు. ఈ నలుగురినీ ఒక వరసలో పెట్టి చూస్తే ఎవరికైనా ఒళ్ళు పులకరిస్తుంది. ఆ వెంటనే ఒక మాట నోట్లోంచి వచ్చేస్తుంది: ఆ వంశంలోనే ఏదో ఉంది సుమా! ఒకే ఇంటిపేరున్న ప్రముఖుల జాబితాలు కట్టడం మనకు ఇష్టమైన పని. పెళ్ళి పందిళ్ళలో, కుల సంఘాల సావనీర్లలో, పత్రికల శీర్షికల్లో ఈ జాబితాలు కనిపిస్తూనే ఉంటాయి. వాటి వెనుక ఉన్న నమ్మకం ఒకటే. ఇంటిపేరు ఒకటైతే రక్తం ఒకటి, రక్తం ఒకటైతే ప్రతిభ కూడా ఒకరి నుంచి ఒకరికి వచ్చినట్టే. ఈ నమ్మకానికి ఆధారం చాలా పల్చన. తెలుగు ఇంటిపేరు చాలా సందర్భాల్లో చెప్పేది ఒక్కటే, ఆ ఇంటివాళ్ళు ఒకప్పుడు ఏ ఊళ్ళో ఉండేవారో. దాన్ని వంశవృక్షంగానో కులధ్రువపత్రంగానో చదివితే, అది నిజంగా చెప్పగలిగిన చరిత్ర మన చెవికెక్కదు.

ముందు ఇంటిపేరు ఎలా పుట్టిందో చూద్దాం. కందుకూరు నుంచి వచ్చినవారు కందుకూరివారు, వేటూరు నుంచి వచ్చినవారు వేటూరివారు. ఊరిపేరు చివర ‘పాడు’ ఉంటే అది ‘పాటి’ అవుతుంది. నూతలపాడు నూతలపాటి అయినట్టు. ‘వరం’ ఉంటే ‘వరపు’ అవుతుంది. ముప్పవరం ముప్పవరపు అయినట్టు. ఈ రూపంలోనే అసలు సంగతి దాగి ఉంది. సొంత ఊళ్ళో ఉన్నంతకాలం ఎవరినీ ఆ ఊరిపేరుతో పిలవరు, ఎందుకంటే అక్కడ అందరూ ఆ ఊరివాళ్ళే. పొలం కోసమో, కరణీకం కోసమో, కరువుకు తాళలేకో, ఏలికల కొలువు కోసమో మరో ఊరు చేరినప్పుడు, అక్కడివాళ్ళు కొత్తగా వచ్చినవాళ్ళను ఫలానా ఊరివారని గుర్తుపెట్టుకుంటారు. అంటే ఊరి మీద పుట్టిన ప్రతి ఇంటిపేరూ ఒక వలసకు సాక్ష్యం. భారత రాష్ట్రపతిగా పనిచేసిన సర్వేపల్లి రాధాకృష్ణన్ పుట్టింది 1888లో తిరుత్తణిలో. సర్వేపల్లి ఉన్నది నెల్లూరు జిల్లాలో. ఆ ఊరు విడిచిన కుటుంబం తమిళ ప్రాంతం చేరినా పేరును వదల్లేదు. ఆయన కుమారుడు, చరిత్రకారుడు గోపాల్ కూడా దాన్ని మోశాడు. కొన్ని ఇంటిపేర్లు చెట్ల మీద, వస్తువుల మీద, పదవుల మీద, బిరుదుల మీద పుట్టినవి కూడా ఉన్నాయి. శైవాచార్యుడైన శ్రీపతి పండితుడి పేరు గాయకుడు బాలసుబ్రహ్మణ్యం ఇంటిపేరులో ఇప్పటికీ వినిపిస్తుంది. అయినా ఊరి పేర్ల పాలే ఎక్కువ.

ఊరే ఇంటిపేరుకు మూలమైతే, ఆ ఊరు విడిచిన ఎవరైనా ఆ పేరు పెట్టుకోవచ్చు. పూజారి, రైతు, కమ్మరి, సైనికుడు అన్న తేడా ఉండదు. దీనికి కాకర్ల అన్న పేరును మించిన ఉదాహరణ మరొకటి దొరకదు. కాకర్ల అనే ఊరు కంభం ప్రాంతంలో ఉంది. ఎండ, రాయి, చెరువుల మీద ఆధారపడిన సేద్యం ఉన్న నేల అది. విజయనగర కాలంలో తంజావూరు, మదురై ప్రాంతాలు తెలుగు నాయక రాజుల చేతికి వచ్చాక, తెలుగు నేల నుంచి పండితులు, సంగీతకారులు, సైనికులు, రైతులు కావేరీ తీరానికి తరలివెళ్ళారు. అలా వెళ్ళిన ములకనాటి బ్రాహ్మణ కుటుంబాల్లో కాకర్లవారొకరు. ఆ ఇంట్లో రామబ్రహ్మానికి 1767లో తిరువారూరులో పుట్టినవాడే త్యాగరాజు. చుట్టూ తమిళం వినబడే ఊళ్ళో పుట్టి, తిరువయ్యారులో జీవించి, 1847లో అక్కడే కన్నుమూసిన ఆ మహానుభావుడు తన కీర్తనలను దాదాపు అన్నీ తెలుగులోనే కట్టాడు. ఆయన్ను కాకర్ల త్యాగబ్రహ్మం అని పిలిచిన ప్రతిసారీ, కంభం పక్కనున్న ఒక చిన్న ఊరి పేరు కావేరి ఒడ్డున పలుకుతుంది. భాష అలా నిలిచి ఉండటానికి కేవలం ఇంటిపేరే కారణమనలేం. తంజావూరు ఆస్థానంలో తెలుగుకు దక్కిన గౌరవం, సంగీత సంప్రదాయం, ఇంట్లో మాట్లాడే మాట, ఇవన్నీ కలిసి పనిచేశాయి. కానీ ఆ కుటుంబం ఎక్కడినుంచి కదిలిందో మనకు గుర్తుచేసే చిన్న ఆధారం ఇంటిపేరే.

ఇప్పుడు ఇదే కాకర్ల పేరుతో మరొకరిని చూడండి. డాక్టర్ కాకర్ల సుబ్బారావు 1925లో కృష్ణా జిల్లా పెదముత్తేవిలో రైతు కుటుంబంలో పుట్టారు. అమెరికా వెళ్ళి రేడియాలజీలో పేరు తెచ్చుకున్నారు. ఉత్తర అమెరికాలోని తెలుగువారి సంఘం తానాకు తొలి అధ్యక్షుడయ్యారు. తర్వాత తిరిగివచ్చి, హైదరాబాద్‌లో నిమ్స్ ఆస్పత్రిని రాష్ట్రమంతా నమ్మే వైద్య సంస్థగా నిలబెట్టారు. 2021లో కన్నుమూశారు. త్యాగరాజుకూ సుబ్బారావుకూ మధ్య కులం వేరు, ప్రాంతం వేరు, వృత్తి వేరు, శతాబ్దం వేరు. ఇద్దరినీ కలుపుతున్నది ఒక ఊరిపేరు మాత్రమే. ‘కాకర్ల ప్రముఖులు’ అన్న జాబితాలో వీళ్ళిద్దరినీ పక్కపక్కన రాసి ఊరుకుంటే పాఠకుడికి దక్కేది ఒక కాకతాళీయం. అదే పేరును వలస గుర్తుగా చదివితే, ఒకే నేల నుంచి ఒక దారి దక్షిణాన కావేరికీ మరో దారి తూర్పున కృష్ణా డెల్టాకూ పోయి ఉండవచ్చన్న ఊహకు తావు దొరుకుతుంది. ఆ ఊహను శాసనాలతో, కైఫియత్తులనే పాత గ్రామ చరిత్రలతో, రెవెన్యూ రికార్డులతో సరిచూడవచ్చు. ఒక పేరు ఇలాంటి ప్రశ్న పుట్టించగలిగితే అది గర్వకారణం కన్నా ఎక్కువ విలువైనది.

కందుకూరి అన్న పేరు కూడా ఇదే చెబుతుంది. ‘సుగ్రీవ విజయం’ యక్షగానం రాసిన రుద్రకవి 16వ శతాబ్దపువాడు. కందుకూరు జనార్దనస్వామి భక్తుడు. ఆయన విశ్వబ్రాహ్మణ కులంవాడని సాహిత్య చరిత్రకారులు చెబుతారు. రాజమహేంద్రవరంలో 1848లో పుట్టిన సంఘసంస్కర్త వీరేశలింగం నియోగి బ్రాహ్మణుడు. ఒకే ఇంటిపేరు, రెండు కులాలు. పోనీ ఊరైనా ఒకటేనా అంటే, కందుకూరు అన్న పేరుతో ఒంగోలుకూ నెల్లూరుకూ మధ్య ఒక పట్టణం ఉంది, హైదరాబాద్ పక్కన రంగారెడ్డి జిల్లాలో మరో మండల కేంద్రం ఉంది. కాబట్టి కందుకూరివారందరూ ఒకే కందుకూరువారన్న హామీ కూడా లేదు. దేవులపల్లివారి సంగతీ అంతే. పిఠాపురం ఆస్థాన పండితుల ఇంట పుట్టిన భావకవి కృష్ణశాస్త్రి, హైదరాబాద్‌లో సారస్వత పరిషత్తు నిర్మాణానికి జీవితం ధారపోసిన వరంగల్ వాసి రామానుజరావు, నల్లగొండ పల్లెల్లో సాయుధ పోరాటాన్ని నడిపి దాని చరిత్రను తానే రాసిన కమ్యూనిస్టు వెంకటేశ్వరరావు ముగ్గురూ దేవులపల్లివారే. వాళ్ళు నడిచిన దారుల్లో పోలిక వెతకబోతే మనకు మనమే కథ అల్లుకోవాలి.

ఇక్కడ ఒక బలమైన అభ్యంతరం వస్తుంది. ఇంటిపేరుకూ రక్తానికీ సంబంధం లేదంటే, ఒకే కులంలో ఒకే ఇంటిపేరువారు పిల్లనిచ్చి పుచ్చుకోకపోవడం ఎందుకు? తెలుగునాట ఈ కట్టుబాటు గట్టిది. సంబంధం మాట్లాడుకునేటప్పుడు గోత్రం అడుగుతారు, ఇంటిపేరు అడుగుతారు. రెండూ కలిస్తే అన్నదమ్ముల వరసే, ఇక మాట ముందుకు సాగదు. అయితే ఇదే సమాజం మేనరికాన్ని ఆనందంగా చేసుకుంది. మేనమామ కూతుర్ని, మేనత్త కొడుకును, చివరికి అక్క కూతుర్ని కూడా పెళ్ళాడటం తరతరాలుగా సాగింది. రక్తం సంగతి చూస్తే వీళ్ళకన్నా దగ్గరివారు ఎవరున్నారు? అక్క కూతురు పెళ్ళికి తగింది ఎందుకంటే, అక్కకు పెళ్ళవగానే ఇంటిపేరు మారింది గనుక. నూరు మైళ్ళ అవతల, ఏ తరంలోనూ కలవని, అదే ఇంటిపేరున్న పిల్ల తగనిదైంది ఎందుకంటే, పేరు ఒకటే గనుక. కాబట్టి ఈ కట్టుబాటు కొలిచేది రక్తాన్ని కాదని తేలిపోతోంది. అది కొలిచేది తండ్రి వైపు గీతను ఒక్కదాన్నే. తల్లి వైపు నుంచి వచ్చిన సగం వారసత్వం ఇంటిపేరులో ఎక్కడా నమోదు కాదు.

ఆ నమోదు కాని సగంలో ఎంత పోతోందో చెప్పడానికి ఒక ఇల్లు చాలు. కొమర్రాజు వెంకట లక్ష్మణరావు 1906లో విజ్ఞాన చంద్రికా గ్రంథమాలను స్థాపించిన పరిశోధకుడు. చరిత్రా శాస్త్రాలూ తెలుగులో చదువుకునే దారి వేసినవారిలో ముందు నిలిచేవాడు. ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ రాసిన, 1902లో ‘ధనత్రయోదశి’ కథ ప్రచురించిన బండారు అచ్చమాంబ ఆయనకు స్వయానా అక్క. ఒకే తల్లిదండ్రుల బిడ్డలు, ఒకే ఇంట్లో పెరిగినవాళ్ళు. అచ్చమాంబ 1905లో చిన్న వయసులోనే కన్నుమూసినా, ఆడవాళ్ళ చరిత్రను ఆడవాళ్ళ చేత్తో రాయడం మొదలుపెట్టిన గౌరవం ఆమెది. ఇంటిపేర్ల ప్రకారం జాబితా కడితే తమ్ముడు ‘క’ దగ్గర, అక్క ‘బ’ దగ్గర పడతారు. వాళ్ళిద్దరూ ఒక ఇంటివాళ్ళని జాబితా చెప్పదు. ఏ సంబంధమూ లేని ముగ్గురు దేవులపల్లివారిని కలిపి కూర్చోబెట్టే పద్ధతి, తోడబుట్టిన ఇద్దరిని విడదీస్తోంది. ఇంత పెద్ద లోపమున్న కొలతతో ప్రతిభ వంశపారంపర్యమని నిరూపించబోవడం అన్యాయం. ఆ అన్యాయం ప్రతిసారీ ఆడవాళ్ళకే జరుగుతుంది.

మరి నిజంగా ఒకే కుటుంబంలో తరాల తరబడి గొప్పవాళ్ళు పుట్టలేదా అంటే, పుట్టారు. తాళ్ళపాకవారే ఉన్నారు. కడప సీమలోని తాళ్ళపాక నుంచి వచ్చిన అన్నమాచార్యుడు, ‘సుభద్రా కల్యాణం’ రాసిన ఆయన భార్య తిమ్మక్క, కొడుకు పెద తిరుమలాచార్యుడు, తాత జీవితాన్ని ద్విపదలో చెప్పిన మనవడు చిన్నన్న, అందరూ కవులే. అయితే వీళ్ళు ఒక కుటుంబమని మనకు తెలిసింది ఇంటిపేరు వల్ల కాదు. తిరుమల గుడిలో హుండీ ఉన్న చోటికి ఎదురుగా ఒక చిన్న రాతి అర ఉంది. దాని ద్వారానికి అటూ ఇటూ తంబురాలు పట్టుకున్న రెండు విగ్రహాలు చెక్కి ఉన్నాయి. ఆ అరలో తరాలపాటు నిలిచి ఉన్న రాగిరేకుల మీద వేల సంకీర్తనలున్నాయి, అవి ఎవరెవరివో గుర్తించే వివరాలున్నాయి. 20వ శతాబ్దంలో వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ వంటి పండితులు వాటిని చదివి, పరిష్కరించి, చిన్నన్న రాసిన చరిత్రతో పోల్చి చూసి తాళ్ళపాకవారి కథను నిలబెట్టారు. అంటే అక్కడ సాక్ష్యమిచ్చింది రాగి, రాత, వారసుల జ్ఞాపకం. పాత కవులకు కూడా ఈ తేడా బాగా తెలుసు. కావ్యం మొదట్లో అవతారికలో ఇంటిపేరు చెప్పి ఊరుకోకుండా గోత్రం, తాత, తండ్రి, తల్లి, అన్నదమ్ములు అందరినీ ఏకరువు పెట్టేవారు. పింగళి సూరన తన వంశం గురించి చెబుతూ, పూర్వీకుడొకడు పేకి అనే రాక్షసి చేత ఊడిగం చేయించుకున్నాడన్న ఇంటికథను సైతం చేర్చాడు. ఇంటిపేరు ఒక్కటే సరిపోతుందనుకుంటే ఇన్ని పద్యాలు అక్కర్లేదు. ఇక తాళ్ళపాక ఇంట్లోనో, పెదకళ్ళేపల్లి వేటూరివారింట్లోనో చదువు తరతరాలకూ నిలిచిందంటే కారణం వెతకడం కష్టం కాదు. ఇంటినిండా తాళపత్రాలు, పొద్దున్నే వల్లెవేసే పద్యాలు, గుడి నుంచో రాజు నుంచో వచ్చే వృత్తి, పిల్లాడికి అయిదేళ్ళకే దొరికే గురువు. ఇవి లేని ఇంటి పిల్లలకు ప్రతిభ లేక కాదు, ఆ అయిదేళ్ళ వయసులో అందవలసినవి అందక వెనకబడ్డారు.

ఇంటిపేరును కులానికి గుర్తుగా వాడటం ఇంకా ప్రమాదకరం. అద్దె ఇల్లు అడగబోయినచోట, హాస్టల్ గదిలో, కొత్త ఉద్యోగంలో చేరిన రోజున “మీ ఇంటిపేరేమిటి?” అన్న ప్రశ్న వెనుక మరో ప్రశ్న ఉంటుందని అడిగేవాళ్ళకూ తెలుసు, చెప్పేవాళ్ళకూ తెలుసు. చాలాసార్లు ఊహ సరిపోతుందని, అందుకే అడుగుతున్నామని కొందరు వాదిస్తారు. ఒక తాలూకాలో, తెలిసిన నాలుగు కుటుంబాల మధ్య అది సరిపోవచ్చు. ఆ తాలూకా దాటగానే తప్పుతుంది. కాకర్ల, కందుకూరి విషయంలో తప్పినట్టే బోయి భీమన్న విషయంలోనూ తప్పుతుంది. బోయి అన్నది పల్లకీ మోసే కులానికి వాడే మాట. భీమన్న దళిత కవి. దాసరి అన్నది ఒక కులం పేరు; దర్శకుడు దాసరి నారాయణరావు ఆ కులంవాడు కాదు. ఊహ సరిపోయినప్పుడు కూడా ఆ ప్రశ్న మంచిది కాదన్నది నా గట్టి అభిప్రాయం. సరిపోనప్పుడు అయితే, లేని సమాచారం మీద ఆధారపడి ఒక మనిషిని దూరం పెట్టడమో దగ్గర తీయడమో జరుగుతోంది.

మన ఇంటిపేరు చాటుకు పోయి, దాని చోట మరొకటి నిలబడటం ఇటీవలి మార్పు. ఇంగ్లిష్ పద్ధతిలో చివర ఉన్నదే కుటుంబ నామం. తెలుగువారి పేరులో చివర వచ్చేది రావు, రెడ్డి, నాయుడు, శాస్త్రి, శర్మ. దాంతో దరఖాస్తుల్లోనూ విదేశీ గ్రంథాల సూచికల్లోనూ అవే ఇంటిపేర్లయి కూర్చున్నాయి. ‘నాయుడు’ కింద జాబితా వేసి చూడండి. సరోజినీ నాయుడు పుట్టుకతో బెంగాలీ, ఛటోపాధ్యాయ ఇంటి ఆడపడుచు. పెళ్ళాడింది ముత్యాల గోవిందరాజులు నాయుడిని. 1932లో లార్డ్స్ మైదానంలో భారత జట్టు తొలి టెస్టుకు నాయకత్వం వహించిన సి.కె. నాయుడు నాగపూర్‌లో పుట్టిన కొఠారి కనకయ్య. మాజీ ఉపరాష్ట్రపతి వెంకయ్యనాయుడు ముప్పవరపువారు, ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు నారావారు. నాయక అన్న పదవీనామం నుంచి వచ్చిన ఈ మాటను ఒక్కో జిల్లాలో ఒక్కో కులం వాడుకుంటుంది. ‘రావు’ ఇంకా విశాలం. పాములపర్తి నరసింహారావు, గణాంక శాస్త్రవేత్త కల్యంపూడి రాధాకృష్ణారావు, కన్నడిగుడైన రసాయన శాస్త్రవేత్త సి.ఎన్.ఆర్. రావు ముగ్గురూ ఒకే ఇంటివారన్నట్టు పక్కపక్కన కనిపిస్తారు. అసలు ఇంటిపేరు ఏమైంది? ఒక పొడి అక్షరమైంది. ‘పి.’ అంటే పాములపర్తి అని, సి.ఆర్. రావు పేరులో ‘సి.’ అంటే కల్యంపూడి అని తెలిసినవాళ్ళు తగ్గిపోతున్నారు. ఏ ఊరికీ చెందని గౌరవవాచకం పూర్తిగా అచ్చవుతుంటే, ఊరిని మోసే పేరు ఒక అక్షరానికి కుంచించుకుపోతోంది.

సముద్రం దాటినచోట ఈ నష్టం ఎప్పుడో జరిగిపోయింది. మారిషస్ చెరకు తోటలకు 19వ శతాబ్దంలో వెళ్ళిన తెలుగు కూలీల వివరాలు రాసుకున్న గుమాస్తాలు వాళ్ళను సొంత పేర్లతోనే నమోదు చేశారు. అప్పడు వంటి తాతల పేర్లే మనవలకు కుటుంబ నామాలయ్యాయి. ఏ ఊరి నుంచి ఓడ ఎక్కారో చెప్పే ఇంటిపేరు అలా జారిపోయింది. ఈనాటి వలసలో పేరు నిలిచింది గానీ తిరగబడింది. మైక్రోసాఫ్ట్ అధిపతి సత్య నాదెళ్ళ పేరులో ఇంటిపేరు చివరికి పోయింది. ఆయన తండ్రి, గ్రామీణ పేదల కోసం పనిచేసిన ఐఏఎస్ అధికారిగా గౌరవం పొందిన యుగంధర్ పేరు ముందు మాత్రం ‘బి.ఎన్.’ అన్న రెండు అక్షరాలుండేవి. ఎన్ అంటే నాదెళ్ళ. బి అంటే బుక్కాపురం, అనంతపురం జిల్లాలో ఆ కుటుంబం ఊరు. ఇంటిపేరు పాతబడి, అది చెప్పే ఊరు దూరమైపోయినప్పుడు కొత్త ఊరిని దాని ముందు చేర్చుకునే అలవాటు మన పల్లెల్లో ఉండేది. కొడుకు పేరులో ఆ బుక్కాపురం లేదు.

ఇంటిపేర్ల జాబితాలు కట్టవద్దని ఈ వాదన సారాంశం అనుకుంటే పొరపాటు. అవి కట్టాలి, ఇప్పటికన్నా శ్రద్ధగా కట్టాలి. ప్రతి పేరు పక్కన ఊరు రాయాలి, ఆ పేరుతో రెండు మూడు ఊళ్ళుంటే అన్నీ రాయాలి, కుటుంబం ఎటు కదిలిందో తెలిసినంత మేరకు చేర్చాలి. ఆడవాళ్ళకు పుట్టింటి పేరూ మెట్టినింటి పేరూ రెండూ ఇవ్వాలి. కొమర్రాజు దగ్గర అచ్చమాంబ, బండారు దగ్గర కూడా అచ్చమాంబ కనిపించాలి. రావులూ నాయుళ్ళూ తమ తమ ఇంటిపేర్ల కిందికి తిరిగి వెళ్ళాలి. ఇందుకు కావలసిన సమాచారం మన దగ్గరే ఉంది. ఈస్టిండియా కంపెనీ సర్వేయరు మెకంజీ సేకరించిన కైఫియత్తుల్లో ఉంది, గుడి గోడల శాసనాల్లో ఉంది, కావ్యాల అవతారికల్లో ఉంది, ఇంకా బతికున్న ముత్తవ్వల జ్ఞాపకాల్లో ఉంది. చివరిదాన్ని మాత్రం ముందు రాసుకోవాలి, ఎందుకంటే అది శాసనాల మాదిరిగా మన కోసం ఆగదు.